కంటి రిపోర్టులో 6/60 ఉన్నామె ఒంటరిగా గుడికెళ్తుంది, 6/12 ఉన్నాయన గడప తన్నుకుంటాడు. ఎందుకిలా?

చెరువుగట్టు:

మా మండలంలో సదరం (వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే) శిబిరానికి వెళ్లేవాళ్ల కాగితాలు నేనే సర్ది పంపుతుంటాను. కంటి రిపోర్టుల దగ్గరికొచ్చేసరికి లెక్క కుదరడం లేదు. ప్రస్తుతం ముగ్గురివి ముందున్నాయి.

ఒకటి, 71 ఏళ్ల పెద్దావిడ. వయసుతో వచ్చే మాక్యులా (కంటి వెనక తెరైన రెటీనా నడిమి భాగం) క్షీణత, డ్రై రకం అని రాశారు. అద్దాలతో కుడి 6/60, ఎడమ 4/60. మనిషి ముఖం ఆనదు, మందుబిళ్ల పేరు చదవలేదు. కానీ చేయి పట్టుకోకుండా గుడికి వెళ్లొస్తుంది.

రెండు, 34 ఏళ్లాయన. రెటినైటిస్ పిగ్మెంటోసా (జీన్ల లోపంతో రెటీనా దెబ్బతినే జబ్బు). రెండు కళ్లూ 6/12. పేపరు చదువుతాడు. పొద్దుగూకితే మాత్రం కదలలేడు, పగలు కూడా గడపలు, మంచం కోళ్లు తన్నుకుంటాడు. "నంబరు బాగానే ఉంది, నీకు సర్టిఫికెట్ రాదు" అని ఎవరో చెప్పారట.

మూడు, 58 ఏళ్లాయన. ఇరవై ఏళ్ల షుగర్, రెటీనాకు లేజర్ అయింది. కుడి 6/24, ఎడమ 6/36. ఒకరోజు బాగుందంటాడు, మర్నాడు ఏమీ ఆనడం లేదంటాడు.

ముగ్గురికీ తలా ఒక 10ఎక్స్ భూతద్దం కొనిపెడదామని సంఘంలో అనుకున్నారు. సరైన పనేనా? ఈ నంబర్లను ఎలా అర్థం చేసుకోవాలి?

ట్రయల్ ఫ్రేమ్:

ముందు ఆ భూతద్దాలు ఆపండి. ముగ్గురిలో ఒకరికే అది పనికొస్తుంది, అదీ 10ఎక్స్ కాదు.

6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరం ఆవిడకు 6 మీటర్ల దగ్గరికొస్తేగాని ఆనదని. ఆ బోర్డు పరీక్ష కొలిచేది రెటీనా నడిమధ్య మిల్లీమీటరున్నర వెడల్పున్న చిన్న గుంట పనితనాన్నే. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి, సూదిలో దారం ఎక్కించడానికి ఆ గుంటే ఆధారం. నడవడానికి మాత్రం చుట్టూ ఉన్న మిగతా రెటీనా కావాలి. దాని గురించి ఆ నంబరు ఒక్క ముక్క కూడా చెప్పదు.

పెద్దావిడకు నడుమ పోయింది, అంచులు మిగిలాయి. పిగ్మెంటోసా ఆయనకు అంచులు పోయాయి, నడుమ మిగిలింది. షుగర్ ఆయనకు జల్లెడ తిరగేసినట్టు అక్కడక్కడా పోయింది, పైగా వాపు పెరిగి తగ్గినప్పుడల్లా చూపూ మారుతుంది. కాబట్టి "ఎంత ఆనుతోంది" కంటే "ఎక్కడ ఆనడం లేదు" అనేదే ముందు అడగాల్సిన ప్రశ్న.

బోర్డు దాచిపెట్టే ఇంకో సంగతి కాంట్రాస్ట్. తెల్ల బోర్డు మీద నల్లటి అక్షరాలు చదివినంత మాత్రాన సిమెంటు నేల మీద సిమెంటు మెట్టు కనబడాలని లేదు. స్టీలు గిన్నెలో పెరుగు, తెల్ల కంచంలో అన్నం, మసక వెలుతురులో ముఖం, ఇవన్నీ తక్కువ కాంట్రాస్ట్ పనులు. షుగర్, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), శుక్లం మూడూ దీన్ని దెబ్బతీస్తాయి.

చూపు ఎంత మేర ఆనుతుందో డిగ్రీల్లో కొలుస్తారు, దాన్నే ఫీల్డు అంటారు. డిగ్రీలు అర్థం కావాలంటే చేయి చాచి చూడండి. బొటనవేలి గోరు వెడల్పు సుమారు 2 డిగ్రీలు, పిడికిలి సుమారు 10. పిగ్మెంటోసా ఆయన ఫీల్డ్ టెస్టు కాగితం ఉందా? 24-2 అనో 30-2 అనో రాసి, నల్లగా నింపిన గుండ్రటి బొమ్మ ఉంటుంది.

చెరువుగట్టు:

ఉందండి. బొమ్మంతా నలుపే, నడుమ చిన్న తెల్ల మచ్చ. కింద పెన్నుతో "12 డిగ్రీలు" అని రాశారు.

ట్రయల్ ఫ్రేమ్:

ఆ 12 నడిమి బిందువు నుంచి ఒక పక్కకా, మొత్తం వెడల్పా అన్నది రాసిన డాక్టర్ని అడిగి తేల్చుకోండి. సర్టిఫికెట్లో వరుస మారిపోతుంది.

మొత్తం వెడల్పే అనుకుందాం. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న పేపరు మీద అది 8 సెంటీమీటర్ల పైచిలుకు. పేపర్లో ఒక కాలమ్ హాయిగా పడుతుంది, అందుకే చదువుతున్నాడు. 3 మీటర్ల దూరంలో 60 సెంటీమీటర్ల పైన కొంచెం, అంటే తలుపులో ఒక రెక్క. మీటరు దూరంలో జానెడు. కాళ్ల దగ్గరున్న గడప ఆ జానెడులో పడే అవకాశం ఎంతో మీరే చూడండి. అతని చేతిలో భూతద్దం పెడితే అక్షరం పెద్దదై, ఆ 8 సెంటీమీటర్లలో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి. హాయిగా చదివే మనిషిని తడుముకునేలా చేసినవాళ్లమవుతాం.

ఇక పెద్దావిడకు. లెక్క సులువు: 6/60ని తిరగేస్తే 60/6, అంటే 10. మొదలుపెట్టాల్సిన పవర్ +10 డయాప్టర్లు (అద్దం పవర్ కొలత, ఎక్స్ వేరు). దూరం 100ని 10తో భాగిస్తే 10 సెంటీమీటర్లు. ముక్కుకు అంత దగ్గరగా పట్టుకుంటేనే ఆనుతుంది. ఇది ముందే చెప్పకపోతే అద్దాలు పెట్టుకుని ఎప్పటిలా ఒడిలో పుస్తకం పెట్టుకుంటారు, అంతా మసక, వారంలో డబ్బాలోకి పోతాయి. శిబిరాల్లో ఇచ్చే చదివే అద్దాలు మామూలుగా +3 లోపే. వాటితో ఆనలేదంటే ఇక దారి లేదని కాదు.

10 అన్నది మొదటి మెట్టే. మాక్యులా పాడైనవాళ్లకు అంతకంటే ఎక్కువే కావాల్సి వస్తుంది, ఎందుకంటే అతికష్టం మీద పోల్చుకునే సైజులో ఎవరూ పేరా చదవలేరు, దానికి రెట్టింపు సైజైనా ఉండాలి. అందుకని పరీక్షకు ఆవిడ నిజంగా చదవాల్సిన వస్తువే తీసుకెళ్లండి: మందుల పట్టీ, కరెంటు బిల్లు, పంచాంగం, ఏదైతే అది.

ఆ వయసులో చేయి వణుకుతుంది కాబట్టి కాగితం మీద కూర్చునే స్టాండు భూతద్దం మేలు, 12 నుంచి 16 డయాప్టర్లు, లోపల ఎల్‌ఈడీ దీపం ఉన్నది. కొనేటప్పుడు "ఎక్స్" చూడకండి, డయాప్టరు అడగండి. 16 డయాప్టర్ల అద్దాన్నే ఒక కంపెనీ 4ఎక్స్ అంటుంది, ఇంకో కంపెనీ 5ఎక్స్ అంటుంది. ఒకరు నాలుగుతో భాగించి ఊరుకుంటారు, ఇంకొకరు దానికి ఒకటి కలుపుతారు. ఫుట్‌పాత్ మీద అరచేయంత అద్దానికి 10ఎక్స్ చీటీ ఉంటే అది చీటీ గొప్పే. పవర్ పెరిగేకొద్దీ అద్దం చిన్నదవ్వాల్సిందే.

చేతి భూతద్దం, స్టాండు భూతద్దం వాడే తీరు వేరు. చేతిదాన్ని దూరపు అద్దాల్లోంచి చూస్తూ, కాగితానికి దాని ఫోకస్ దూరంలో (16 డయాప్టర్లకైతే 6 సెంటీమీటర్ల చిల్లర) పట్టాలి. స్టాండుదాన్ని చదివే అద్దాల్లోంచి చూడాలి. ఇది తారుమారైతే మంచి అద్దం కూడా మసకగానే కనిపిస్తుంది. రెండింటిలోనూ కన్ను అద్దానికి ఎంత దగ్గరైతే ఒకేసారి అన్ని ఎక్కువ అక్షరాలు పడతాయి.

షుగర్ ఆయనకు 24/6, అంటే +4, దూరం 25 సెంటీమీటర్లు. రెండు కళ్లతో చదివేలా లోపలివైపు ప్రిజం పెట్టిన హాఫ్ ఫ్రేము అద్దాలు చేయించవచ్చు. ప్రిజం ఎంతంటే పవర్‌కు రెండు కలపాలి, +4కి ప్రతి కంటికీ 6. కాకపోతే షుగర్ ఎక్కి దిగేటప్పుడు కంటి లెన్సు నీరు పట్టి అద్దాల పాయింటే మారిపోతుంది. కొన్ని వారాలపాటు షుగర్ నిలకడగా ఉన్నాకే కొలతలు తీయించండి. "ఒకరోజు బాగుంది, ఒకరోజు లేదు" అన్నదానిలో సగం కారణం ఇదే కావచ్చు.

మిగతా సగం రెటీనా డాక్టరు చెప్పాలి.

రెటీనా రౌండ్స్:

చెప్తాను. ముందు ఒక మాట, లో విజన్ (అద్దాలు, వైద్యం తర్వాత కూడా తక్కువగానే మిగిలే చూపు) అని ముద్ర వేసేముందు బాగుచేయగలిగింది ఏదైనా మిగిలిందేమో చూడాలి. శుక్లం ఉంటే ఆపరేషన్ తర్వాతే లెక్క. నల్లగుడ్డు మీద మచ్చ ఉండి, సూదిరంధ్రం అట్టలోంచి చూస్తే రెండు మూడు వరుసలు ఎక్కువ చదివితే గట్టి కాంటాక్ట్ లెన్స్ ప్రయత్నించాలి. 6/60 ఉన్నవాళ్లకు పాయింటు పరీక్షలో పావు పావు మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగితే తేడా తెలియదు. ఒక్కసారే ప్లస్ 1, మైనస్ 1 తిప్పి అడగాలి, బోర్డు 2 లేదా 3 మీటర్లకు జరపాలి. ఇలా చేయక "అద్దాలతో లాభం లేదు" అని రాసేసిన కేసులు తక్కువేం కావు.

షుగర్ ఆయనకు రోజుకో తీరుగా ఉండడానికి పాయింటు మారడం ఒక కారణం, మాక్యులా వాపు ఇంకో కారణం. రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీస్తే తెలుస్తుంది. వాపుంటే కంట్లోకి ఇంజెక్షన్లున్నాయి, ఒకటితో ఆగదు, మొదట్లో నెలనెలా. లేజర్ గురించి కూడా ఆయనకు స్పష్టంగా చెప్పండి. ఆ లేజర్ అంచుల రెటీనాను కాల్చి నడిమి చూపును కాపాడుతుంది. దానికి చెల్లించిన ధర పక్కచూపు కొంత, చీకటి చూపు కొంత. లేజర్ తర్వాత ఎండలోంచి ఇంట్లోకి వస్తే కాసేపు ఏమీ ఆనకపోవడం అందుకే. అకస్మాత్తుగా నల్లటి దారాలో, మసి పొగలాంటిదో తేలితే లోపల రక్తం కారి ఉండొచ్చు. ఆ రోజే చూపించాలి.

పెద్దావిడది డ్రై రకమే అయినా తడి రకంగా (రెటీనా కింద నీరు, రక్తం ఊరేది) మారొచ్చు. గుర్తు: ద్వారబంధం, కరెంటు స్తంభం లాంటి నిటారు గీతలు వంకరపోవడం. పది సెంటీమీటర్ల చదరంలో అర సెంటీమీటరు గళ్లున్న ఆమ్స్‌లర్ అట్ట ఇంట్లో పెట్టుకుని, చదివే అద్దాలతో, 30 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కో కన్ను మూసి చూసుకోవాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోటు కప్పేస్తుంది. కొత్త వంకర కనిపిస్తే వారాలు ఆగొద్దు. తడి రకానికి ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత చూపు నిలుస్తుంది.

ల్యూటిన్ బిళ్లల గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి: అమెరికాలో జరిగిన ఏరెడ్స్-2 అధ్యయనంలోని మోతాదు విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2, జింక్ 80 లేదా 25, రాగి 2 మిల్లీగ్రాములు. మధ్యదశలో ఉన్నవాళ్లకు, లేదా ఒక కంట్లో ముదిరినవాళ్లకు రెండో కన్ను కాపాడడానికి అది. పోయిన చూపును తెచ్చేది కాదు. రెండు కళ్లలోనూ ముదిరాక నెలనెలా ఆ ఖర్చు పెట్టించడం నాకైతే ఇష్టం ఉండదు.

పిగ్మెంటోసా ఆయనకు మూల జబ్బును ఆపే మందు లేదు, కానీ దాని మీద వచ్చిపడే రెండింటికి ఉంది. ఒకటి లెన్సు వెనక పొరలో శుక్లం, రెండోది మాక్యులా వాపు, దీనికి డార్జోలమైడ్ చుక్కలు కొందరికి పనిచేస్తాయి. కాబట్టి "దీనికేం చేయలేం" అని చెప్పించుకుని ఏళ్ల తరబడి కంటి డాక్టరు గడప తొక్కకపోవడం తప్పు. జీన్ థెరపీ అంటూ వాట్సాప్‌లో తిరిగేది 2017లో అమెరికాలో అనుమతి పొందిన మందు గురించి. అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జీన్ రెండు ప్రతులూ చెడినవాళ్లకు మాత్రమే. పిగ్మెంటోసాకు కారణమయ్యే జీన్లు పదుల కొద్దీ ఉన్నాయి. ముందు ఆయనది ఏ జీనో పరీక్షలో తేలాలి.

అమ్మానాన్నలది మేనరికమా అని అడగండి. నిందించడానికి కాదు. రహస్యంగా మోసుకొచ్చే జీన్ ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు అవకాశం ఉంటుంది, మేనరికాల్లో ఇద్దరి దగ్గరా అదే జీన్ ఉండడం ఎక్కువ. తోబుట్టువులకు ఒకసారి పరీక్ష చేయించాలి. చెవులు కూడా మందగించాయా అన్నది చూడాలి, రెండూ కలిసొస్తే అది అషర్ సిండ్రోమ్.

గ్లకోమా గురించి మీరు అడగలేదు గానీ, మీ కట్టలో ఇవాళ కాకపోతే రేపైనా వస్తుంది. అదీ అంచుల్నే తింటుంది, కానీ పోయిన చోట నలుపు కనిపించదు. చుట్టుపక్కల దృశ్యంతో మెదడు అతుకేసేస్తుంది. అందుకే 6/9 చదువుతూనే సగం ఫీల్డు పోగొట్టుకున్నవాళ్లుంటారు. కంటి దురదకని ఎప్పుడో రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడినవాళ్లలో వయసుతో నిమిత్తం లేకుండా రావొచ్చు.

సర్టిఫికెట్: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో లో విజన్‌కు రెండు దారులున్నాయి. ఒకటి బాగున్న కంట్లో, అద్దాలతో, 6/18 దాటకుండా 3/60 వరకు. రెండోది ఫీల్డు 40 డిగ్రీల లోపు, 10 వరకు. ఈ రెండో దారి తెలియకే పిగ్మెంటోసా ఆయన్ని తిప్పి పంపారు. కేంద్ర మార్గదర్శకాల పట్టిక ప్రకారం బాగున్న కంట్లో ఫీల్డు 40 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే 40 శాతం వరుస మొదలవుతుంది, 20 లోపు, 10 వరకు ఉంటే 70. ఫీల్డ్ టెస్టు కాగితం లేకుండా వెళ్తే బోర్డే చదివిస్తారు, 6/12కి సున్నా వస్తుంది. కాగితం తప్పక జతచేయండి. మీ మిగతా ఇద్దరి నంబర్లు అలాగే ఉంటే పెద్దావిడది 50 శాతం, షుగర్ ఆయనది 40 శాతం వరుసలో పడతాయి. షుగర్ ఆయనకు వాపు వైద్యం ఇంకా నడుస్తుంటే శాశ్వతం అనకుండా కాలపరిమితితో ఇవ్వొచ్చు.

చెరువుగట్టు:

చాలా తెరిపిచ్చారు. ఇంకోటి, చెప్పొచ్చో లేదో. పెద్దావిడ సాయంత్రాలు గోడ దగ్గర చిన్న చిన్న మనుషులు, పూల చీరలు కట్టుకున్నవాళ్లు కనిపిస్తున్నారంటుందట. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మతి తప్పుతోందేమోనని కొడుకు భయం.

తెల్ల కర్ర:

దానికి పేరుంది, చార్ల్స్ బోనే సిండ్రోమ్. కంటి నుంచి కబురు తగ్గినప్పుడు మెదడులోని చూపు భాగం తనంతట తానే బొమ్మలు గీసుకుంటుంది. మనుషులు, పూలు, గళ్ల డిజైన్లు, పొట్టి మనుషులు, ఇవే ఎక్కువ. మతి తప్పడానికీ దీనికీ తేడా ఏమిటంటే ఆ బొమ్మలు మాట్లాడవు, అవి నిజం కావని ఆవిడకు తెలుసు. దీపం వేయడం, బొమ్మ మీద నుంచి చూపు పక్కలకు గబగబా తిప్పడం, కాసేపు కళ్లు మూసి తెరవడం లాంటి వాటితో చాలామందికి చెదిరిపోతాయి. మాటలు వినిపిస్తున్నాయన్నా, నిజమనే నమ్ముతున్నా, మతిమరుపు, చేతుల వణుకు తోడైనా అప్పుడు నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక పైవాళ్లిద్దరూ అద్దాల దగ్గరే ఆగారు. పెద్దావిడకు అద్దం కన్నా ముందు నేర్పాల్సింది పక్కచూపుతో చూడడం. ఎదురుగా కూర్చుని మీ ముఖాన్ని గడియారం అనుకోమనండి. నా ముక్కు చూడు, ఇప్పుడు పన్నెండు మీద చూడు, మూడు మీద, ఆరు మీద, తొమ్మిది మీద, ఎప్పుడు నా ముక్కు తేటగా ఆనింది? ఏ దిక్కు చెబితే ఆ దిక్కుకు చూపు జరిపి చదవడం రోజుకు పది పదిహేను నిమిషాలు, వారాల పాటు అలవాటు చేయాలి. తల తిప్పకూడదు, కళ్లే జరగాలి.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో చిక్కుంది, ఇంగ్లీషు చార్టుతో తేల్చిన పవర్ తెలుగుకు చాలకపోవచ్చు. మన అక్షరాల్లో తేడాలన్నీ చిన్న గీతల్లో, పైనా కిందా దాక్కుంటాయి. ప, వ తేడా పైన కలిసిందా లేదా అన్నదే. ద, ధ మధ్య కింద ఒక చిన్న నిలువుగీత. గుడికి, గుడిదీర్ఘానికి ఒక మెలిక. కింద ఒత్తులు సరేసరి. అందుకని తెలుగు అచ్చుతోనే పరీక్ష చేయమని అడగండి. వరుస తప్పకుండా నల్ల అట్టలో కిటికీ కోసి కాగితం మీద జరుపుతారు కదా, అది కూడా ఇంగ్లీషు వరుస కొలతకు కోస్తే మన ఒత్తులు, గుడులు తెగిపోతాయి. వరుసకు రెండింతల ఎత్తు కోయండి.

దీపం సంగతి. ట్యూబులైటు కింద కూర్చోబెట్టి ఆనడం లేదనుకుంటే ఎలా? మెడ వంగే టేబుల్ ల్యాంపును బాగున్న కంటివైపు భుజం పక్కనుంచి కాగితం మీద పడేలా పెట్టాలి. దీపాన్ని 60 సెంటీమీటర్ల నుంచి 30కి జరిపితే వెలుతురు నాలుగింతలవుతుంది, వాట్లు పెంచక్కర్లేదు. మందుల పట్టీ మెరుస్తుంది కాబట్టి దీపం ఏటవాలుగా పడాలి. దానికన్నా సులువు, పొద్దున మాత్రలకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మాత్రలకు రెండు.

ఇంట్లో: మెట్టు అంచుకు రెండు అంగుళాల పసుపు పట్టీ, అన్నానికి ముదురు రంగు కంచం, మజ్జిగకు ముదురు రంగు గ్లాసు, చేటలో బియ్యం ఏరడానికి నల్లగుడ్డ. నల్ల మినుములకు మాత్రం తెల్లగుడ్డ.

పిగ్మెంటోసా ఆయనకు ఇవేవీ కాదు, తెల్ల కర్ర కావాలి. "చూపుంది కదా, కర్రెందుకు" అంటారు, ఊళ్లో చూస్తారని సిగ్గుపడతారు. నేలన నిలబెడితే రొమ్ము ఎముక కింది కొస వరకు వచ్చే పొడవుది, తర్వాతి అడుగు పడే జాగాను ముందే తడుముతుంది. ఆ జానెడు చూపును అప్పుడు ఎదురుగా దూరానికి వాడుకోవచ్చు. చీకటి పడ్డాక మొదలుపెట్టించండి, సిగ్గు తగ్గాక పగలు కూడా వాడతారు. తిరగేసిన దుర్భిణిలాంటి గొట్టాలు పెడితే ఎక్కువ జాగా కనిపిస్తుందని కొందరు అమ్ముతారు. నిజమే, కానీ అంతా చిన్నదై దూరమైనట్టు కనిపిస్తుంది, నిలబడి గది చూసుకోవడానికి సరే, నడుస్తూ పనికిరాదు.

రెటీనా రౌండ్స్:

కర్ర విషయంలో నాదీ అదే మాట. షుగర్ ఆయనకు మాత్రం బ్రెయిలీ జోలికి పోకండి. ఇరవై ఏళ్ల షుగర్‌తో వేలికొసల్లో స్పర్శ మొద్దుబారి ఉండొచ్చు, చుక్కలు తెలియవు. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టి, గూగుల్ తెలుగు గొంతు ఎక్కిస్తే మెసేజీలు అదే చదువుతుంది. ఇన్సులిన్ పెన్ను ఆయనే వేసుకుంటున్నాడా? ఒక్కో టిక్కుకు ఎన్ని యూనిట్లో ఆ పెన్నుకు చూసుకుని, టిక్కులు లెక్కపెట్టడం నేర్పాలి. సున్నాకు తిప్పాకే లెక్క మొదలుపెట్టాలి.

చెరువుగట్టు:

ఆయనే వేసుకుంటున్నాడు. కిటికీలోని అంకె ఆనక అంచనాగా తిప్పుతున్నాడట.

రెటీనా రౌండ్స్:

అయితే ఇవాళే ఇంట్లో ఎవరైనా ఆ పని తీసుకోవాలి. అద్దాలు, కాగితాలు తర్వాత.